కిడ్నీ హఠాత్తుగా దెబ్బతింటే: ఏ ట్రయల్‌లో చేరొచ్చు, ఏది వద్దనొచ్చు

క్లినికల్ ట్రయల్ అనగానే చాలామందికి క్యాన్సరే గుర్తొస్తుంది. నెట్‌లో వారాల తరబడి వెతకడం, మరో డాక్టర్ అభిప్రాయం అడగడం, ఇంట్లో అందరూ కూర్చుని తర్జనభర్జన పడటం వంటివాటికి అక్కడ కొంత తీరిక దొరుకుతుంది. కిడ్నీలు హఠాత్తుగా దెబ్బతిన్నప్పుడు ఆ తీరిక ఉండదు. డాక్టర్లు దీన్ని అక్యూట్ కిడ్నీ ఇంజురీ అని, పొట్టిగా ఏకేఐ అని అంటారు. క్రియాటినిన్ అంటే కిడ్నీలు వడకట్టి బయటికి పంపాల్సిన వ్యర్థం. రక్తంలో అది 48 గంటల్లో డెసిలీటరుకి 0.3 మిల్లీగ్రాములు పెరిగినా, 7 రోజుల్లో మామూలు స్థాయికి ఒకటిన్నర రెట్లు అయినా ఏకేఐ కిందే లెక్క. 6 గంటల పాటు మూత్రం కిలో బరువుకి గంటకి అర మిల్లీలీటరు కంటే తక్కువ వచ్చినా అంతే. ఇది కెడిగో అనే అంతర్జాతీయ కిడ్నీ నిపుణుల సంస్థ 2012లో ఇచ్చిన మార్గదర్శకాల నిర్వచనం. అంటే జబ్బు ఉందని తేల్చే గడువే గంటల్లో, రోజుల్లో ఉంది. ట్రయల్‌లో చేర్చుకునే గడువు చాలాసార్లు అంతకంటే తక్కువ.

అందుకే ఇక్కడ ‘ఏ ట్రయల్ మంచిది?’ అన్నది రెండో ప్రశ్న. ‘మనం ఇప్పుడు ఎక్కడ ఉన్నాం?’ అన్నది మొదటిది. కిడ్నీకి ముప్పు ఉందని ముందే తెలిసిన దశ ఒకటి. ఐసీయూలోనో వార్డులోనో పేషెంట్ పడుకుని ఉన్న దశ ఇంకొకటి. గండం గడిచి ఇంటికి వచ్చాక మూడోది. ఈ మూడింట్లో వెతికే పద్ధతి వేరు, సంతకం పెట్టేవాళ్లు వేరు, ఒప్పుకుంటే పడే భారం కూడా వేరు.

మందు ఉందా అసలు?

ట్రయల్స్ మధ్య పోలిక పెట్టే ముందు ఈ సంగతి తేల్చుకోవాలి, లేకపోతే ఆశలు ఎక్కడికో పోతాయి. ఏ కారణంతో వచ్చిన ఏకేఐనైనా నయం చేసే మందంటూ ఒకటి లేదు. కారణాన్ని పట్టుకుని వైద్యం చేస్తారు. ఇన్ఫెక్షన్ అయితే దానికి మందు, నీరు తగ్గితే సెలైన్, మూత్రం దారిలో అడ్డం ఉంటే అది తీయడం. కిడ్నీకి పడని నొప్పి మాత్రల్లాంటివి ఆపేస్తారు. అవసరమైతే డయాలసిస్ పెడతారు. ఈలోగా కిడ్నీ తనంతట తాను కోలుకోవాలి.

ఆ ఖాళీని పూరించాలని చాలా మందులు వచ్చి చతికిలబడ్డాయి. తక్కువ మోతాదులో డోపమైన్ అనే మందు కిడ్నీని కాపాడుతుందని ఏళ్ల తరబడి ఐసీయూల్లో ఎక్కించారు. ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ డాక్టర్లు 328 మందితో ట్రయల్ చేసి 2000లో ఫలితం ప్రకటిస్తే, ఉపయోగం లేదని తేలింది. గుండె ఆపరేషన్ తర్వాత ఏకేఐ వచ్చినవాళ్లకి ఫెనాల్డోపామ్ అనే మందు ఇచ్చి చూసిన ట్రయల్‌ని ప్రయోజనం కనబడక మధ్యలోనే ఆపేశారు. పైగా మందు తీసుకున్నవాళ్లలో బీపీ పడిపోవడం ఎక్కువగా కనిపించింది. ఇన్ఫెక్షన్ ముదిరి అవయవాల్ని దెబ్బతీసే సెప్సిస్ వల్ల వచ్చే ఏకేఐకి ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ కథ ఇంకా చిత్రం. 301 మందితో చేసిన రెండో దశ ట్రయల్‌లో (మందు పనిచేసేలా ఉందా అని తక్కువమందితో చూసే దశ ఇది) కిడ్నీ పనితీరులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు కానీ, అన్నిటికంటే ఎక్కువ మోతాదులో మందు తీసుకున్నవాళ్లలో చనిపోయినవాళ్లు 17.4 శాతం, ప్లాసిబో, అంటే మందు లేని ఉత్తుత్తి డోసు, తీసుకున్నవాళ్లలో 29.5 శాతం. అందరూ ఎగిరి గంతేశారు. ఎక్కువమందితో రుజువు కోసం చేసే మూడో దశలో 650 మందిని చేర్చుకున్నాక చూస్తే రెండు గుంపుల్లోనూ మరణాలు సరిసమానం, 27.9 శాతమే.

దీనికి ఒక కారణం క్రియాటినిన్‌లోనే ఉంది. అది ఆలస్యంగా పెరుగుతుంది. రిపోర్టులో అంకె మారేసరికి కిడ్నీ కణాలకి జరగాల్సిన నష్టం చాలావరకు జరిగిపోయి ఉంటుంది, మందు ఆ తర్వాత వెళ్తుంది. అందుకే ఇప్పటి ట్రయల్స్‌లో కొన్ని క్రియాటినిన్ కోసం ఆగకుండా మూత్రంలో, రక్తంలో ముందే కనిపించే బయోమార్కర్లని, అంటే నష్టాన్ని పట్టిచ్చే సూచికలని, బట్టి పేషెంట్లని ఎంచుకుంటాయి. ఎవరైనా మిమ్మల్ని ‘ఇంకా ఏకేఐ రాలేదు కానీ మూత్రం పరీక్షలో సూచన ఉంది, ట్రయల్‌లో చేరతారా’ అని అడిగితే కంగారు పడకండి. వాళ్లు తొందరపడుతున్నది అందుకే.

ముందే తెలిసినవాళ్లు: అన్నిటికంటే నయమైన స్థితి

గుండె ఆపరేషన్ తేదీ ఖరారైంది, లేదా యాంజియోగ్రామ్ చేయించుకోవాలి, కిడ్నీ ఇప్పటికే కాస్త బలహీనంగా ఉంది. ఇలాంటివాళ్ల కోసం నివారణ ట్రయల్స్ ఉంటాయి. పేషెంటే స్వయంగా చదువుకుని, ప్రశ్నలు అడిగి, ఇంటికెళ్లి ఒక రాత్రి ఆలోచించుకుని సంతకం పెట్టొచ్చు. ఏకేఐ ట్రయల్స్‌లో ఈ సౌకర్యం ఇక్కడ దొరికినంతగా మరెక్కడా దొరకదు. ట్రయల్స్ వివరాలు నమోదు చేసే వెబ్‌సైట్లలో, అంటే రిజిస్ట్రీల్లో, మీరే వెతికితే ఫలితం ఉండేదీ ముఖ్యంగా ఈ దశలోనే.

వీటిలో చేరితే ఏమొస్తుంది? రెండు పెద్ద ట్రయల్స్ పక్కపక్కన పెట్టి చూడండి. 2024లో వచ్చిన ప్రొటెక్షన్ ట్రయల్‌లో గుండె ఆపరేషన్‌కి వెళ్లే 3,511 మందికి అమైనో ఆమ్లాల ద్రవమో, మామూలు ద్రవమో ఎక్కించారు. ఏకేఐ 31.7 శాతం నుంచి 26.9 శాతానికి తగ్గింది. మరణాల్లో మాత్రం తేడా లేదు. అంటే నికరమైన లాభమే, కానీ ప్రాణం నిలబెట్టే మంత్రమేమీ కాదు. రెండోది 2018 నాటి ప్రిజర్వ్. కిడ్నీ బలహీనంగా ఉండి యాంజియోగ్రఫీ చేయించుకునే సుమారు 5 వేల మందితో చేశారు. అప్పటిదాకా చాలాచోట్ల అలవాటుగా ఇచ్చే బైకార్బొనేట్ ద్రవం మామూలు సెలైన్ కంటే మెరుగేమీ కాదని, ఎసిటైల్‌సిస్టీన్ మాత్రలు ప్లాసిబోతో సమానమని తేలింది. అందులో చేరినవాళ్లకి సొంతంగా లాభం కలగకపోయినా, ఆ తర్వాత వచ్చినవాళ్లకి అక్కర్లేని వైద్యం తప్పింది.

నా అభిప్రాయం ఏమిటంటే, నివారణ ట్రయల్‌లో పరీక్షిస్తున్నది ఇప్పటికే వాడుకలో ఉన్న ద్రవమో, మందో, జాగ్రత్తల పద్ధతో అయితే ఒప్పుకోవడానికి పెద్దగా వెనకాడక్కర్లేదు. మనుషుల్లో మొదటిసారి, రెండోసారి వాడుతున్న కొత్త మందు అయితే మాత్రం వేరే లెక్క వేయాలి. మీకు ఇంకా జబ్బు రాలేదు. రాని జబ్బు కోసం తెలియని మందు తీసుకోవాలంటే, ఆ జబ్బు వచ్చే అవకాశం మీలో ఎంత ఉందో డాక్టర్‌తో అంకెల్లో చెప్పించుకోవాలి. ‘కొంచెం రిస్క్ ఉందండీ’ అంటే సరిపోదు.

ఐసీయూ బయట

కష్టమంతా ఇక్కడే. పేషెంట్ స్పృహలో ఉండకపోవచ్చు, ఉన్నా వివరాలన్నీ విని నిర్ణయం తీసుకునే స్థితిలో ఉండకపోవచ్చు. కాబట్టి సంతకం కుటుంబసభ్యులు పెడతారు. చట్టప్రకారం ఎవరు పెట్టొచ్చన్నది దేశాన్ని బట్టి మారుతుంది. ఒక్క క్షణం కూడా ఆలస్యం చేయలేని వైద్యాల్లో కొన్ని దేశాలు, పేషెంట్ల హక్కుల్ని, భద్రతని చూసే ఎథిక్స్ కమిటీ అనుమతితో, ముందు ట్రయల్ మొదలుపెట్టి తర్వాత సమ్మతి తీసుకోవడానికి కూడా ఒప్పుకుంటాయి. అలాంటప్పుడు మిమ్మల్ని అడిగేసరికే పేషెంట్ ట్రయల్‌లో ఉంటారు. కోపం రావడం సహజమే, కానీ కొనసాగించమనడమా, ఆపమనడమా అనేది అప్పుడు కూడా మీ చేతిలోనే ఉంటుంది.

ఆ మాటలు ఇంచుమించు ఇలా సాగుతాయి.

“డాక్టర్ గారూ, నేను ఒప్పుకోకపోతే నాన్నకి ట్రీట్‌మెంట్ ఆపేస్తారా?”

“లేదమ్మా. ఇప్పుడు ఇస్తున్నవన్నీ అలాగే ఇస్తాం. డయాలసిస్ అవసరమైతే అదీ పెడతాం.”

“ఒప్పుకుంటే ఆ కొత్త మందు కచ్చితంగా ఇస్తారా?”

“అది నా చేతుల్లో లేదమ్మా. కంప్యూటర్ లాటరీ తీసినట్టు తీస్తుంది. మందు రావొచ్చు, ప్లాసిబో రావొచ్చు. ఏది వచ్చిందో నాకూ తెలియదు.”

ఆ లాటరీ మాటే చాలామంది మింగలేరు. ‘మా నాన్న మీద లాటరీ ఏంటి?’ అనిపిస్తుంది. మందు మంచిదని డాక్టర్లకి ముందే తెలిస్తే ఆ లాటరీ తప్పే అవుతుంది. తెలియదు కాబట్టే ట్రయల్ పెట్టారు. పైన చెప్పిన ఎంజైమ్ సంగతి ఇక్కడ గుర్తుచేసుకోవాలి. రెండో దశ చూసి ఆశపడ్డవాళ్లకి మూడో దశలో ప్లాసిబో వచ్చి ఉంటే మహా అన్యాయం జరిగినట్టే తోచేది. తీరా ప్రాణాల లెక్కలో రెండు గుంపులకీ తేడా లేదు.

ఐసీయూలో మీ ముందుకు వచ్చే ట్రయల్స్ అన్నీ ఒక రకం కావు. కొత్త మందు పెట్టి చూసేవి కొన్ని. ఉన్న వైద్యాన్నే ఎప్పుడు, ఎంత ఇవ్వాలో తేల్చేవి కొన్ని. డాక్టర్లు, నర్సులు పని చేసే పద్ధతిని మార్చి చూసేవి ఇంకొన్ని. నన్నడిగితే కుటుంబాలు ఎక్కువ భయపడాల్సిన దానికి తక్కువగా, తక్కువ భయపడాల్సిన దానికి ఎక్కువగా భయపడుతుంటాయి.

డయాలసిస్ సమయం గురించిన ట్రయల్స్‌నే తీసుకోండి. ‘మీవాళ్లని డయాలసిస్ ఆలస్యంగా పెట్టే గుంపులో వేయొచ్చు’ అంటే ఎవరికైనా గుండె గుభేలుమంటుంది. జర్మనీలో ఒకే ఆస్పత్రిలో 231 మందితో చేసిన ఎలైన్ ట్రయల్ 2016లో ముందుగా పెడితేనే మంచిదని చూపించింది. అదే ఏడాది ఫ్రాన్స్ నుంచి 620 మందితో వచ్చిన అకికి ట్రయల్‌లో ప్రాణాల విషయంలో తేడా కనబడలేదు, పైగా ఆగి చూసిన గుంపులో దాదాపు సగం మందికి అసలు డయాలసిస్ అవసరమే పడలేదు. ఎవరి మాట నమ్మాలి? 2020లో స్టార్ట్ ఏకేఐ అనే అంతర్జాతీయ ట్రయల్ 3 వేల మందికి పైగా పేషెంట్లతో తీర్పు చెప్పింది. 90 రోజుల్లో మరణాలు తొందరగా పెట్టినవాళ్లలో 43.9 శాతం, అవసరమయ్యేదాకా ఆగినవాళ్లలో 43.7 శాతం. బతికినవాళ్లలో ఇంకా డయాలసిస్ మీదే ఉన్నది మాత్రం తొందరపడ్డ గుంపులో 10.4 శాతం, ఆగిన గుంపులో 6 శాతం. ‘ఆలస్యం’ అన్న గుంపే ఒక రకంగా మెరుగ్గా బయటపడింది. అలాగని ఎంతకాలమైనా ఆగొచ్చనీ కాదు. ఇంకా ఎక్కువ ఆగితే ఎలా ఉంటుందో చూసిన అకికి రెండో ట్రయల్‌లో లాభం కనబడలేదు, హాని జరగొచ్చన్న అనుమానం మిగిలింది.

కాబట్టి ఇలాంటి ట్రయల్‌లో ఏ గుంపులో పడతామన్న టెన్షన్ కంటే, పొటాషియం ప్రమాదకరంగా పెరిగినా, ఊపిరితిత్తుల్లో నీరు చేరినా గుంపుతో సంబంధం లేకుండా వెంటనే డయాలసిస్ పెడతారా అన్నదే తెలుసుకోవాల్సింది. పెడతామని ప్రోటోకాల్‌లో, అంటే ట్రయల్ నియమాల పత్రంలో, రాసి ఉంటే, నా లెక్కలో అది కొత్త మందు ట్రయల్ కంటే నెమ్మదిగా ఒప్పుకోదగ్గది. రాసి లేదంటే అక్కడితో ఆ మాట ఆపేయొచ్చు.

ఇక పని పద్ధతి మార్చే ట్రయల్స్. పేషెంట్ ఒంట్లోకి ఏ కొత్త పదార్థమూ వెళ్లదు కాబట్టి ‘ఇందులో ఏముందిలే’ అనిపిస్తుంది. అమెరికాలో 6 ఆస్పత్రుల్లో 6,030 మందితో చేసిన ట్రయల్‌లో, ఏకేఐ వచ్చిందని డాక్టర్‌కి కంప్యూటర్ తెర మీద హెచ్చరిక చూపించారు. 2021లో ఫలితాలు వచ్చాయి. మొత్తంమీద ఉపయోగం కనబడలేదు, బోధనాస్పత్రులు కాని రెండుచోట్ల హెచ్చరిక వచ్చిన గుంపులోనే మరణాలు ఎక్కువ. ఎందుకన్నది తేలలేదు. ఉత్త హెచ్చరిక కదా అని తీసిపారేయడానికి లేదన్నమాట.

కొత్త మందు ట్రయల్‌లో చూడాల్సింది ఇంకాస్త ఉంది. లివర్ బాగా దెబ్బతిన్నప్పుడు కిడ్నీ కూడా మొరాయించే హెపటోరీనల్ సిండ్రోమ్‌కి టెర్లిప్రెసిన్‌ని అమెరికా ఎఫ్‌డీఏ 2022లో ఆమోదించింది. ఏకేఐలో ఒక్క రకానికైనా మందు దొరికిందంటే ఇలాంటి ట్రయల్స్ చలవే. దానికి ఆధారమైన కన్ఫర్మ్ ట్రయల్‌లో 300 మంది ఉన్నారు. కిడ్నీ తేరుకున్నది మందు గుంపులో 32 శాతం, ప్లాసిబో గుంపులో 17 శాతం. ఇక్కడిదాకా చదివి సంతకం పెట్టేయాలనిపిస్తుంది. కానీ శ్వాస సమస్యలతో చనిపోయినవాళ్లు మందు గుంపులో 11 శాతం, ప్లాసిబో గుంపులో 2 శాతం. క్రియాటినిన్ దిగినంత మాత్రాన మనిషి కోలుకున్నట్టు కాదు. అందుకే సమ్మతి పత్రంలో నేనైతే మొదట వెతికేది ‘ప్రైమరీ అవుట్‌కమ్’ అన్న చోటు, అంటే ట్రయల్ ప్రధానంగా కొలిచే ఫలితం. అక్కడ ఉన్నది ఉత్త క్రియాటినిన్ అంకేనా, లేక 90 రోజుల నాటికి బతికి ఉన్నారా, డయాలసిస్ తప్పిందా, కిడ్నీ నిలబడిందా అనేవి కూడా ఉన్నాయా? రెండోది ఉంటే ట్రయల్ వేసుకున్న ప్రశ్న పేషెంట్ వేసే ప్రశ్నకి దగ్గరగా ఉన్నట్టు. చిన్న రెండో దశ ట్రయల్స్‌లో క్రియాటినిన్ మాత్రమే ఉండటం మామూలే, అది తప్పేమీ కాదు. ఆ ట్రయల్ ఎంతవరకు చెప్పగలదో దాన్నిబట్టి అర్థం చేసుకోవాలంతే.

ఇంటికి వచ్చాక

ఈ దశ గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. డిశ్చార్జి అయ్యాక ‘ఇంక బాగైపోయింది’ అనుకుంటారు. ఏకేఐ వచ్చి తగ్గినవాళ్లకి తర్వాత దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు వచ్చే ముప్పు ఎక్కువ, అందుకే 3 నెలల తర్వాత మళ్లీ పరీక్ష చేయించమని కెడిగో చెబుతుంది. ఈ కాలంలో చేర్చుకునే అధ్యయనాలు ఎక్కువగా పరిశీలన రకానివి. ఏడాదికి ఒకటి రెండుసార్లు రక్తం, మూత్రం ఇస్తారు, కొన్ని ప్రశ్నలకి జవాబులు చెబుతారు. మందు ఉండదు, లాటరీ ఉండదు. సమయం తప్ప పోయేది పెద్దగా లేదు. పైగా కిడ్నీ మీద ఒక కన్ను వేసి ఉంచేవాళ్లు దొరుకుతారు. మొహమాటం లేకుండా చేరొచ్చు.

ఒక మినహాయింపు ఉంది. పరిశోధన కోసం బయాప్సీ అడిగేవి. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల ఆధ్వర్యంలోని కిడ్నీ ప్రెసిషన్ మెడిసిన్ ప్రాజెక్ట్ ఏకేఐ ఉన్నవాళ్ల నుంచి, దీర్ఘకాలిక జబ్బు ఉన్నవాళ్ల నుంచి కిడ్నీ ముక్కలు సేకరించి కణాల స్థాయిలో పరిశీలిస్తోంది. సైన్స్‌కి చాలా అవసరమైన పని. కానీ బయాప్సీ అంటే కిడ్నీలోకి సూది దించడం, రక్తస్రావం ముప్పు ఉంటుంది, ఇచ్చినవాళ్లకి నేరుగా లాభం ఉండకపోవచ్చు. ఎలాగూ వైద్యం కోసం బయాప్సీ చేయాల్సి ఉంటే అదనంగా ఒక ముక్క ఇవ్వడం ఒక ఎత్తు, పరిశోధన కోసమే సూది వేయించుకోవడం ఇంకో ఎత్తు. ఈ రెంటిలో ఏదో అడిగి తెలుసుకున్నాకే జవాబు చెప్పండి.

ఎక్కడ వెతకాలి

మూడు దారులున్నాయి. రిజిస్ట్రీల్లో మీరే వెతకడం, వైద్యం చేస్తున్న డాక్టర్‌ని అడగడం, కిడ్నీ పేషెంట్ల సంఘాల ద్వారా తెలుసుకోవడం. మూడోది డిశ్చార్జి తర్వాతి అధ్యయనాలకి పనికొస్తుంది, ఐసీయూ రోజులకి పనికిరాదు. ఐసీయూలో ఉన్నప్పుడు రెండో దారే దారి. ఎందుకంటే ట్రయల్ ఆ ఆస్పత్రిలోనే నడుస్తూ ఉండాలి. వెంటిలేటర్ మీద ఉన్న మనిషిని ట్రయల్ కోసం ఊరు మార్చడం దాదాపు ఎప్పుడూ మంచిది కాదు, మార్చేసరికి గడువు కూడా దాటిపోతుంది. ‘ఇక్కడ ఏకేఐ మీద ఏవైనా స్టడీలు నడుస్తున్నాయా? రీసెర్చ్ కోఆర్డినేటర్‌తో మాట్లాడొచ్చా?’ అని నెఫ్రాలజిస్ట్‌నో (కిడ్నీ డాక్టర్), ఐసీయూ డాక్టర్‌నో అడిగితే చాలు. లేవంటే లేవు. రాత్రంతా ఫోన్ పట్టుకుని వెతికి లాభం లేదు.

ఆపరేషన్‌కి ముందు, డిశ్చార్జి తర్వాత మాత్రం రిజిస్ట్రీలు బాగా ఉపయోగపడతాయి. అమెరికా ప్రభుత్వం 2000లో మొదలుపెట్టిన క్లినికల్‌ట్రయల్స్ డాట్ గవ్‌లో అనేక దేశాల ట్రయల్స్ ఉంటాయి. వెతకడం సులువు, పేజీలు శుభ్రంగా ఉంటాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ నడిపే ఐసీటీఆర్‌పీ పోర్టల్ వివిధ దేశాల రిజిస్ట్రీలని ఒకేచోట చూపిస్తుంది. విస్తృతి దానిదే ఎక్కువ. ఐరోపా సమాఖ్య దేశాల్లోని మందుల ట్రయల్స్‌కి సీటీఐఎస్ అనే రిజిస్ట్రీ ఉంది. మొదట ఐసీటీఆర్‌పీ పోర్టల్లో వెతికి, దొరికిన ట్రయల్‌ని దాని సొంత రిజిస్ట్రీలో తెరిచి చదవడం మంచి పద్ధతి. సొంత రిజిస్ట్రీలోనే వివరాలు తాజాగా ఉంటాయి.

ఇంగ్లిష్‌లో ‘అక్యూట్ కిడ్నీ ఇంజురీ’ అని ఒక్కటే కొట్టి వదిలేయకండి. ‘అక్యూట్ రీనల్ ఫెయిల్యూర్’ అన్న పాత పేరుతోనూ, కారణం పేరుతోనూ వెతకాలి. సెప్సిస్, కార్డియాక్ సర్జరీ, హెపటోరీనల్, కండరాలు చితికినప్పుడు వచ్చే రాబ్డోమయోలిసిస్, ఇలా. చాలా ట్రయల్స్‌లో ఏకేఐ పేరు శీర్షికలో కనబడదు, లోపల ఉంటుంది.

ఎంట్రీ తెరిచాక పై నుంచి కిందదాకా చదవక్కర్లేదు. ముందు స్టేటస్. ‘రిక్రూటింగ్’ అని ఉంటేనే ముందుకు. ‘యాక్టివ్, నాట్ రిక్రూటింగ్’ అంటే ట్రయల్ నడుస్తోంది కానీ కొత్తవాళ్లని తీసుకోవట్లేదు. దాని పక్కనే చివరిసారి ఎప్పుడు అప్‌డేట్ చేశారో చూడండి. రిక్రూటింగ్ అని ఉండి రెండు మూడేళ్లుగా ఎవరూ ముట్టుకోకపోతే ఆ మాట మీద ఆశ పెట్టుకోవద్దు. తర్వాత అర్హతల జాబితాలో గంటల అంకె వెతకండి. ‘ఏకేఐ నిర్ధారణ అయిన 24 గంటల్లోపు’ లాంటి వాక్యం ఉంటే, మీవాళ్లకి మొదటిసారి క్రియాటినిన్ పెరిగినట్టు రిపోర్టు వచ్చిన సమయంతో లెక్క కట్టండి. సగం ట్రయల్స్ ఇక్కడే జారిపోతాయనుకోండి, బాధపడాల్సిన పని లేదు. ఇంకా మిగిలితే, చేర్చుకోనివాళ్ల జాబితా. అప్పటికే డయాలసిస్ మొదలైనవాళ్లు, కిడ్నీ మార్పిడి అయినవాళ్లు, ముందు నుంచే కిడ్నీ జబ్బు బాగా ముదిరినవాళ్లు, గర్భిణులు అందులో తరచూ కనబడతారు.

రిజిస్ట్రీలో పేరున్నంత మాత్రాన ట్రయల్‌కి ఎవరో నాణ్యత ముద్ర వేసినట్టు కాదు. క్లినికల్‌ట్రయల్స్ డాట్ గవ్ స్వయంగా ఆ మాట చెబుతుంది. స్టెమ్ సెల్స్ పేరుతో కిడ్నీ బాగుచేస్తామని, రిజిస్ట్రీ నంబర్ చూపించి పేషెంట్ దగ్గరే పెద్ద మొత్తం అడిగేవాళ్లు కనబడితే తలుపు వేసేయండి. ప్రయోగంలో ఉన్న మందుకి పేషెంట్ దగ్గర డబ్బు వసూలు చేయడం మంచి ట్రయల్స్‌లో కనిపించే లక్షణం కాదు. ఎథిక్స్ కమిటీ అనుమతి పత్రం, భద్రతని గమనించే స్వతంత్ర కమిటీ, ట్రయల్ వల్ల హాని జరిగితే వైద్యఖర్చు ఎవరు పెట్టుకుంటారన్న రాతపూర్వక హామీ, ఈ మూడూ చూపించమనండి.

చేరేటప్పుడు చేతిలో ఉండాల్సినవి

పాత రక్తపరీక్ష రిపోర్టు. ఇది అన్నిటికంటే ముఖ్యం, చాలామంది ఇంట్లో బీరువాలో పెట్టి మర్చిపోయేదీ ఇదే. ఏకేఐ అంటేనే మామూలు స్థాయికి ఎన్ని రెట్లు పెరిగిందన్న లెక్క. ఇప్పుడు క్రియాటినిన్ 2.4 ఉందనుకుందాం. ఆరు నెలల కిందట 0.8 ఉంటే మూడు రెట్లు, అంటే అన్నిటికంటే తీవ్రమైన మూడో స్టేజి. అప్పుడు 1.6 ఉంటే ఒకటిన్నర రెట్లు, అంటే తక్కువ తీవ్రత ఉన్న మొదటి స్టేజే. అదే అంకె, పాత రిపోర్టుని బట్టి ఒక ట్రయల్ తలుపు తెరుచుకోవచ్చు, ఇంకోటి మూసుకుపోవచ్చు. రిపోర్టు లేకపోతే డాక్టర్లు అంచనా వేసుకుంటారు, అంచనా తప్పొచ్చు. దాంతోపాటు వాడుతున్న మందుల జాబితా ఉండాలి. బీపీ మాత్రలు, నొప్పి మాత్రలు, మూలికల మందులు ఏవీ దాచకూడదు. ‘అవి మందుల కింద లెక్కా?’ అని వదిలేసినవే ఒక్కోసారి కారణం అవుతాయి.

ఒకేసారి రెండు ట్రయల్స్ ముందుకొస్తే? కొన్ని రెండింట్లోనూ చేరనిస్తాయి, ముఖ్యంగా ఒకటి ఉత్త పరిశీలన అయితే. రెండూ మందు ట్రయల్స్ అయితే మామూలుగా ఒకటే కుదురుతుంది. అప్పుడు నేనైతే మూడో దశకి రెండో దశ కంటే, ఆస్పత్రిలో ఇప్పటికే చాలామందిని చేర్చిన అనుభవం ఉన్నదానికి కొత్తగా మొదలైనదాని కంటే, డిశ్చార్జి తర్వాత ఎక్కువసార్లు తిప్పనిదానికి తిప్పేదాని కంటే ముందు చోటు ఇస్తాను. రెండూ సమానంగా కనబడితే, ఎవరు మీ ప్రశ్నలకి విసుక్కోకుండా జవాబు చెప్పారో వాళ్లది. 90 రోజులు వాళ్లతోనే మాట్లాడాలి మరి.

ఏ ట్రయల్ నుంచైనా, ఎప్పుడైనా, కారణం చెప్పకుండా తప్పుకోవచ్చు. మామూలు వైద్యానికి దానివల్ల ఆటంకం రాకూడదు. తప్పుకునేటప్పుడు ‘మందు మాత్రమే ఆపండి, సమాచారం తీసుకుంటూ ఉండండి’ అనొచ్చు, రెండూ ఆపమనొచ్చు. ఈ తేడా తెలియక పూర్తిగా బయటికి వచ్చేసేవాళ్లు ఉంటారు. పేషెంట్‌కి స్పృహ వచ్చాక సమ్మతి మళ్లీ అడుగుతారా అన్నది కూడా ముందే తెలుసుకోవాలి. అడగాలి. మీరు పెట్టిన సంతకం వాళ్ల తరఫున పెట్టింది, వాళ్లు కాదనొచ్చు.

సంతకం అయ్యాక సమ్మతి పత్రం కాపీ ఒకటి, ట్రయల్ పేరూ 24 గంటల ఫోన్ నంబరూ ఉన్న కార్డు ఒకటి అడిగి తీసుకోండి. కార్డు పేషెంట్ పర్సులో ఉండాలి. డిశ్చార్జి అయ్యాక వేరే ఆస్పత్రి ఎమర్జెన్సీకి వెళ్లాల్సివస్తే, ఏ మందు ఒంట్లో ఉందో అక్కడి డాక్టర్లకి తెలియదు. ప్లాసిబోనా, అసలు మందా అన్నది అత్యవసరమైతే విప్పి చెప్పే ఏర్పాటు ఆ నంబర్ వెనక ఉంటుంది.